వాల్వు నుంచి క్యామ్ దాకా ఏ లోహం ఎక్కడ, ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజన్ హెడ్ (సిలిండరు మీది మూత, వాల్వులుండేది అందులోనే) పనికి వచ్చే బండ్ల ఓనర్లు, మెకానిక్‌లు, డిప్లొమా చదివే పిల్లలు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. ఒక్కొక్కరికీ నోటితో చెప్పేటప్పుడు సగం మరిచిపోతుంటాను. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. చదివేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఈ భాగాల్లో ఏదీ ఒంటరిగా పనిచేయదు. వాల్వుకు దాని తల ఆనే సీటు జోడీ, వాల్వు కాడకు అది జారే గొట్టం, అంటే గైడు జోడీ, వాల్వును తెరిచే క్యామ్‌కు అది నొక్కే ట్యాపెట్ జోడీ. ఒకదాని లోహం మంచిదా కాదా అన్నది దాని జోడీని చూడకుండా చెప్పలేం.

వాల్వ్ ట్రెయిన్ అంటే ఏయే భాగాలు?

క్యామ్ ముక్కులుండే క్యామ్‌షాఫ్ట్, ట్యాపెట్లు, వాటి కదలికను పైకి చేర్చే పుష్‌రాడ్లు (ఉన్న ఇంజన్లలో), వాల్వు కాడను నొక్కే రాకర్లు, వాల్వులు, గైడ్లు, సీట్లు, స్ప్రింగులు, వాటిని పట్టి ఉంచే రిటైనర్లు, లాకులు, ఆయిల్ సీళ్లు. క్యామ్‌ను తిప్పే చైన్ లేదా బెల్టును కూడా ఇందులోనే లెక్కేస్తారు.

ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రెండూ ఒకే ఉక్కుతో ఎందుకు చేయరు?

రెండూ ఉండేది ఒకే గదిలో అయినా బతుకులు వేరు. ఇన్‌లెట్ వాల్వు మీదుగా ప్రతిసారీ చల్లటి గాలి, పెట్రోలు ఆవిరి లోపలికి వెళ్తాయి. దాని తల మామూలుగా 300 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఎగ్జాస్ట్ వాల్వు పక్కనుంచి వెళ్లేది మండి బయటికి తన్నుకొచ్చే వాయువు. దాని తల 700 డిగ్రీలు దాటుతుంది, బరువు మీద లాగే ఇంజన్లో 800 దాకా పోతుంది. చీకట్లో చూడగలిగితే అది ఎర్రగా కనిపిస్తుంది. అంత వేడిలో నిమిషానికి వేల సార్లు సీటు మీద దెబ్బ తింటూ ఉండాలి.

ఇన్‌లెట్ వాల్వుకు ఎక్కువగా వాడేది క్రోమియం, సిలికాన్ కలిపిన ఉక్కు. మార్కెట్లో సిల్‌క్రోమ్ అనో, ఈఎన్ 52 అనో అంటారు. ఇందులో కార్బన్ సుమారు 0.45 శాతం, క్రోమియం 8 నుంచి 9 శాతం, సిలికాన్ 3 శాతం ఉంటాయి. కాల్చి ఆయిల్లో ముంచితే బాగా గట్టిపడుతుంది, కాడ అరగదు, ధర కూడా అందుబాటులో ఉంటుంది. అయితే 550 డిగ్రీలు దాటే వేడిలో ఉంచితే ఆ గట్టిదనం కరిగిపోతుంది. అక్కడ ఎగ్జాస్ట్ వాల్వుకు వేరే జాతి ఉక్కు కావాలి.

ఎగ్జాస్ట్ వాల్వుల మీద 21-4ఎన్ అని రాస్తారు. అంటే ఏమిటి?

పేరులోనే పాళ్లు ఉన్నాయి. 21 శాతం క్రోమియం, 4 శాతం నికెల్, ఎన్ అంటే నైట్రోజన్. పేరులో లేకపోయినా మాంగనీసు సుమారు 9 శాతం, కార్బన్ అర శాతం ఉంటాయి. క్రోమియం పైన పలచటి ఆక్సైడ్ పొర కట్టి ఉక్కు పొలుసులుగా రాలిపోకుండా కాపాడుతుంది. నికెల్, మాంగనీసు, నైట్రోజన్ కలిసి లోపలి అణువుల అమరికను ఆస్టెనైట్ అనే రూపంలో నిలబెడతాయి. ఎర్రటి వేడిలోనూ ఈ అమరిక సాగిపోకుండా గట్టిగా పట్టుకుంటుంది. నికెల్ ఖరీదు కాబట్టి అది కొంత తగ్గించి, ఆ పని చౌకైన మాంగనీసు, నైట్రోజన్‌లతో చేయించుకోవడమే ఈ ఉక్కులోని తెలివి. నికెల్ ఇంకా తగ్గించిన 21-2ఎన్ కూడా ఉంది.

దీనికీ లోపాలున్నాయి. వేడిని సరిగ్గా ప్రసరించదు. వేడెక్కితే ఇన్‌లెట్ ఉక్కు కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుంది. అందుకే మాన్యువల్లో ఎగ్జాస్ట్ గైడుకు, ఎగ్జాస్ట్ ట్యాపెట్‌కు ఇచ్చే ఖాళీ సాధారణంగా ఇన్‌లెట్ కంటే ఎక్కువగా ఉంటుంది. "రెండూ ఒకే గేజ్‌తో (ఖాళీ కొలిచే రేకు) పెట్టేద్దాం" అనే వాళ్లను చూస్తుంటాను. దయచేసి అలా చేయకండి.

మాగ్నెట్ పెట్టి వాల్వు అసలుదో కాదో తేల్చవచ్చా?

సగం తేల్చవచ్చు. సిల్‌క్రోమ్ లాంటి ఉక్కుకు మాగ్నెట్ గట్టిగా అంటుకుంటుంది. 21-4ఎన్ తలకు అంటుకోదు, మరీ సరిగ్గా చెప్పాలంటే అంటీ అంటనట్టు ఉంటుంది. కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వని కొన్న దాని తలకు మాగ్నెట్ టక్కున పట్టేస్తే అనుమానించాలి.

అయితే అంతటితో డూప్లికేట్ అని తీర్మానించకూడదు. 20 శాతం క్రోమియం ఉండే ఎక్స్‌బీ అనే ఉక్కుకు మాగ్నెట్ అంటుకుంటుంది, అయినా అది ఎగ్జాస్ట్ వేడికి పనికొచ్చేదే. కొన్ని పాత డీజిల్ ఇంజన్లకు కంపెనీయే అలాంటి వాల్వు పెట్టింది. అందుకని ముందు ఇంజన్లోంచి తీసిన పాత వాల్వుకు మాగ్నెట్ పెట్టి చూడండి. కంపెనీ నుంచి వచ్చిన వాల్వు తలకు అంటుకోకుండా, కొత్తదానికి అంటుకుంటే ఆ కొత్తది వేయొద్దు.

నేను ఈ పాఠం నేర్చుకున్న రోజు చెప్తాను. పని నేర్చుకున్న కొత్తలో ఒక ఆటోకు ఎగ్జాస్ట్ వాల్వు మార్చాను. డబ్బా బాగుంది, పాలిష్ బాగుంది, ధర సగం. మూడు వారాలకే బండి లాగడం లేదని తిరిగొచ్చింది. వాల్వు తీసి చూస్తే తల అంచు ఒకవైపు కొరికినట్టు కాలిపోయి ఉంది. మాగ్నెట్ పెడితే తల నుంచి కాడ చివరిదాకా అంటుకుంది, దాని పాత వాల్వు తలకేమో అంటుకోలేదు. ఆ డ్రైవరు మూడు రోజుల సంపాదన పోయింది. అప్పట్నుంచి చొక్కా జేబులో చిన్న మాగ్నెట్ లేకుండా షెడ్డుకు రాను.

వాల్వు కాడ మధ్యలో సన్నటి గీత కనిపిస్తోంది. ఇది అతికించిన వాల్వా? నమ్మవచ్చా?

అతికించిందే, నిశ్చింతగా నమ్మవచ్చు. తల వేడిని తట్టుకోవాలి, కాడ అరుగుదలను తట్టుకోవాలి. ఒకే ఉక్కు ఈ రెండు పనులూ బాగా చేయదు. అందుకని తలకు 21-4ఎన్, కాడకు గట్టిపడే మార్టెన్‌సైట్ జాతి ఉక్కు తీసుకొని ఫ్రిక్షన్ వెల్డింగ్ చేస్తారు. ఒక ముక్కను గిర్రున తిప్పుతూ రెండోదానికి నొక్కితే ఆ రాపిడి వేడికే రెండూ మెత్తబడి ఒకటైపోతాయి. లోహం కరిగి పారదు, విడిగా వెల్డింగ్ రాడ్ వాడరు. మాగ్నెట్‌ను చివరినుంచి తల వైపు జరుపుతూ పోతే అతుకు దగ్గర ఠక్కున వదిలేస్తుంది. పిల్లలకు ఇది చూపిస్తే వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి.

స్టెల్లైట్ వేసిన వాల్వు అంటే?

స్టెల్లైట్ ఉక్కు కాదు. కోబాల్ట్ మూలంగా, సుమారు 28 శాతం క్రోమియం, కొంత టంగ్‌స్టన్, 1 శాతం పైచిలుకు కార్బన్ కలిసిన మిశ్రమలోహం. అమెరికాకు చెందిన ఎల్‌వుడ్ హేన్స్‌కు 1907లో దీని మీద పేటెంట్ వచ్చింది. చల్లగా ఉన్నప్పుడు దీని గట్టిదనం మరీ గొప్పదేం కాదు, మంచి టూల్ స్టీలు దీన్ని మించుతుంది. ఎర్రగా కాగినా ఆ గట్టిదనం పెద్దగా పోకపోవడమే దీని గొప్ప. కోబాల్ట్ ఖరీదైనది కనుక వాల్వు మొత్తం దీంతో చేయరు. సీటు మీద కూర్చునే అంచులో గాడి చేసి, ప్లాస్మా ఆర్క్‌తో పొడిని కరిగించి పూత వేసి, తర్వాత 45 డిగ్రీలకో 30 డిగ్రీలకో గ్రైండ్ చేస్తారు. లారీ, బస్సు డీజిల్ ఇంజన్లలోనూ గ్యాస్ ఇంజన్లలోనూ ఇది తరచుగా కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. ఈ పూత పలచనే. వాల్వు గ్రైండింగ్ మెషీన్ మీద "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ తీసేస్తే కింది లోహం బయటపడుతుంది. ఇక ఆ వాల్వు మామూలు వాల్వే.

కాడ మీద మెరుపు పూత ఎందుకు? కొన్ని నల్లగా ఎందుకుంటాయి?

మెరిసేది హార్డ్ క్రోమ్, కొన్ని మైక్రాన్ల మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నల్లగా, బూడిద రంగులో ఉండేది నైట్రైడింగ్ చేసినది. అంటే ఉక్కు పైపొరలోకి నైట్రోజన్ ఎక్కించి గట్టిపరచడం. 21-4ఎన్ లాంటి ఉక్కు గైడులో రుద్దుకుంటే ఆయిల్ కాస్త తగ్గగానే పట్టేస్తుంది. ఈ రెంటిలో ఏదో ఒకటి లేకుండా దాన్ని వాడటం కష్టం. కాడ చివర రాకర్ కొట్టే చోట విడిగా గట్టిపరుస్తారు, లేదా స్టెల్లైట్ బొట్టు పెడతారు.

సోడియం నింపిన వాల్వులంటారు. లోపల నిజంగా సోడియం ఉంటుందా?

ఉంటుంది. కాడను బోలుగా చేసి సగం పైచిలుకు సోడియం నింపి మూత వెల్డ్ చేస్తారు. సోడియం 98 డిగ్రీలకే కరుగుతుంది. ఇంజన్ వేడెక్కాక అది లోపల నీళ్లలా మారి, వాల్వు పైకి కిందికి కదిలినప్పుడల్లా తల నుంచి కాడకు, కాడ నుంచి తలకు ఎగిరిపడుతుంది. తలలో వేడిని తీసుకెళ్లి గైడుకు అప్పగిస్తుంది. తల వేడి 100 డిగ్రీల దాకా తగ్గవచ్చు. 1920లలో అమెరికాలో విమాన ఇంజన్ల మీద పనిచేసిన ఇంగ్లండ్ ఇంజనీరు శామ్ హెరన్ ఈ పద్ధతిని నిలబెట్టాడు. ఇప్పుడు టర్బో పెట్రోలు కార్లలో కూడా వస్తోంది.

ఇది చదివే పిల్లలకు, స్క్రాప్ కొనే అన్నలకు గట్టిగా చెప్తున్నాను: కాడ లావుగా, వాల్వు మామూలు కంటే తేలికగా అనిపిస్తే దాన్ని కోయకండి, డ్రిల్ చేయకండి, కొలిమిలో వేయకండి. సోడియానికి నీళ్లు తగిలితే మంట, పేలుడు. చేతి చెమట చాలు చర్మం కాలడానికి.

నిమోనిక్ అనే లోహం వాల్వులకు వాడతారా? అది మన దగ్గర దొరుకుతుందా?

వాడతారు. నిమోనిక్ 80ఏ నికెల్ మూలంగా, సుమారు 20 శాతం క్రోమియం, కొద్దిగా టైటానియం, అల్యూమినియం కలిసిన లోహం. ఈ కుటుంబం 1940లలో బ్రిటన్‌లో జెట్ ఇంజన్ బ్లేడ్ల కోసం పుట్టింది. రేసింగ్ ఇంజన్లు, ఓడల పెద్ద డీజిల్ ఇంజన్లు, బాగా వేడెక్కే టర్బో ఇంజన్ల ఎగ్జాస్ట్ వాల్వులు దీనితోనో, ఇన్‌కొనెల్ 751 లాంటి దాని చుట్టాలతోనో చేస్తారు.

ఈ జాతి లోహాలు మన హైదరాబాద్‌లోనే తయారవుతాయని చాలామందికి తెలియదు. కంచన్‌బాగ్‌లో ఉన్న మిశ్ర ధాతు నిగమ్, అదే మిధాని, 1973లో ఏర్పడింది. సూపర్‌నీ అనే పేరుతో నికెల్ లోహాలు, టైటాన్ అనే పేరుతో టైటానియం లోహాలు చేస్తుంది. వాటిలో ఎక్కువ భాగం రాకెట్లకు, రక్షణ రంగానికి, విద్యుత్ కేంద్రాలకు పోతుంది. మన బైకు వాల్వుకు అంత అవసరం లేదు. మెటలర్జీ చదివే పిల్లలు మాత్రం ఆ ఊరి పేరు గుర్తుపెట్టుకోవాలి.

వాల్వు సీట్లు దేనితో చేస్తారు? పాత కార్లలో విడి సీట్లే లేవంటారు, నిజమేనా?

నిజమే. హెడ్ మొత్తం బీడుతో (పోత ఇనుము) పోసిన పాత ఇంజన్లలో చాలావాటికి సీటును ఆ బీడులోనే కోసేవారు. అవి చాలాకాలం బాగానే నడిచాయి. కారణం లోహంలో లేదు, పెట్రోలులో ఉంది. అప్పటి పెట్రోల్లో కలిపిన సీసం మండినప్పుడు వచ్చే పొడి సీటు మీద పలచగా పేరుకొని వాల్వుకూ సీటుకూ మధ్య మెత్తటి పరుపులా పనిచేసేది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు మొదలై, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా అదే అయింది. మన ఊపిరికి అది ఎంతో మంచి పని. ఆ పరుపు పోయాక మెత్తటి బీడు సీట్లు మాత్రం బయటపడ్డాయి. ఎర్రగా కాగిన వాల్వు సీటు మీద పడ్డప్పుడు సూదిమొన సైజు చుక్కల్లో రెండూ అతుక్కుంటాయి, లేచేటప్పుడు బీడు రేణువు ఊడొస్తుంది. ఆ రేణువే మళ్లీ సానరాయిలా అరగదీస్తుంది. సీటు కుంగిపోతుంది.

అల్యూమినియం హెడ్‌లకు విడి సీటు తప్పనిసరి. ఇప్పటి సీట్లు ఎక్కువగా లోహపు పొడిని అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చి చేస్తారు. ఇనుము పొడిలో మాలిబ్డినం, కోబాల్ట్ లాంటి గట్టి రేణువులు, జారుడు కోసం మాంగనీసు సల్ఫైడ్ కలుపుతారు. పొడి ముక్కలో మిగిలే సన్నటి రంధ్రాల్లోకి కరిగిన రాగిని ఇంకిస్తారు. రాగి వల్ల వేడి త్వరగా హెడ్‌లోకి పోతుంది, కోయడానికీ తేలిక. వాల్వు తల వేడిలో దాదాపు నాలుగింట మూడు వంతులు బయటికి పోయే దారి ఈ సీటే. అందుకే సీటు మరీ సన్నగా కోయడం ప్రమాదం. పోతపోయకుండా పొడితో ఇలా వస్తువులు చేసే ఈ విద్య మీద పనిచేసే జాతీయ పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ కూడా హైదరాబాద్‌లోనే, బాలాపూర్ దగ్గర ఉంది.

గ్యాస్ ఆటోలకు వాల్వులు త్వరగా పోతాయెందుకు?

హైదరాబాద్‌లో ఎల్‌పీజీ ఆటోలు, విజయవాడలో సీఎన్‌జీ ఆటోలు ఎన్ని తిరుగుతాయో మీకు తెలుసు. అందుకే ఈ ప్రశ్న వినని వారం ఉండదు.

గ్యాస్ పొడిగా మండుతుంది. పెట్రోలు తడిగా లోపలికొస్తూ వాల్వును కాస్త చల్లబరుస్తుంది, గ్యాస్‌కు ఆ గుణం లేదు. మసి కూడా దాదాపు ఉండదు. మసి లేకపోవడం మంచిదే అనిపిస్తుంది కానీ సీటు మీద మిగిలే ఆ కాస్త పొర కూడా పోతుంది. అప్పుడు పైన చెప్పిన కుంగుబాటు మొదలవుతుంది. అందుకే గ్యాస్ కోసమే కట్టిన ఇంజన్లలో గట్టి పొడిలోహం సీట్లు, స్టెల్లైట్ అంచు వాల్వులు వేస్తారు. పెట్రోలు బండికి తర్వాత కిట్టు పెట్టిస్తే ఇవి వాటంతట అవి రావు.

ఇక్కడ అందరూ పొరబడే చోటు ఒకటుంది. సీటు కుంగితే వాల్వు కాడ పైకి లేస్తుంది, ట్యాపెట్ ఖాళీ తగ్గిపోతుంది. ఖాళీ తగ్గితే టకటక శబ్దం కూడా తగ్గుతుంది. డ్రైవరు "ఇంజన్ భలే నున్నగా నడుస్తోందన్నా" అంటాడు. నిజానికి అదే చెడు కబురు. ఖాళీ పూర్తిగా పోయాక వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు, వేడి దిగే దారి మూసుకుపోతుంది, కొన్నాళ్లకే అంచు కాలిపోతుంది. గ్యాస్ బండికి శబ్దం ఉన్నా లేకపోయినా ట్యాపెట్ గేజ్ పెట్టి చూడాల్సిందే.

గైడు బీడుది వేయాలా, కంచుదా?

కంపెనీ ఏది వేస్తే అది. కారణం అడుగుతారు కాబట్టి చెప్తాను. బీడులో గ్రాఫైట్ రేకులుంటాయి, ఆయిల్ తక్కువైనా అవి జారుడు ఇస్తాయి, చౌక, ఏళ్లపాటు నిలుస్తుంది. ఫాస్ఫర్ కంచు వేడిని త్వరగా లాగేస్తుంది, కాడను పట్టేయడం తక్కువ, టైటానియం వాల్వులకు కంచు జాతి గైడే కావాలి. అయితే వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి ఖాళీ లెక్క మారుతుంది. ఇప్పటి కార్లలో పొడిలోహం గైడ్లే ఎక్కువ.

లేత్ షాపులో గైడు తిప్పించుకునే వాళ్లు ఒకటి చూసుకోవాలి. మామూలు ఇత్తడి రాడ్డు, ఫాస్ఫర్ కంచు రాడ్డు కొత్తలో ఒకలాగే మెరుస్తాయి. ఇత్తడి గైడు మాత్రం తొందరగా లొట్టబోయి సైలెన్సర్లో నీలిపొగ తెప్పిస్తుంది. అడిగి, బిల్లు మీద రాయించుకొని మరీ కొనండి. ఏ గైడైనా నొక్కి దించాక రీమర్ (రంధ్రాన్ని సరైన కొలతకు కోసే పనిముట్టు) తిప్పాలి, దించేటప్పుడు అది లోపలికి కాస్త ముడుచుకుంటుంది.

వాల్వు స్ప్రింగ్ అన్ని కోట్ల సార్లు నొక్కుకుంటుంది. ఎందుకు తెగదు?

ఇంజన్ 3000 ఆర్‌పీఎంలో తిరిగితే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుంటుంది, గంటకు 90 వేల సార్లు. విజయవాడ నుంచి హైదరాబాద్ పోయేలోపు లక్షలు దాటుతుంది. ఈ పనికి వాడే తీగ క్రోమ్ సిలికాన్ ఉక్కు: కార్బన్ 0.55, సిలికాన్ 1.4, క్రోమియం 0.65 శాతం దరిదాపుల్లో. కొన్నిటికి క్రోమ్ వెనేడియం. మామూలు స్ప్రింగ్ తీగ 120 డిగ్రీల పైన బిగువు వదిలేస్తుంది, క్రోమ్ సిలికాన్ 200 దాటినా పట్టుకుంటుంది.

పాళ్లు ఒక్కటే చాలవు. ఉక్కులో వెంట్రుక మందంలో సగం కూడా లేని ఆక్సైడ్ రేణువు ఇరుక్కున్నా పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది. అందుకే ఈ తీగకు వాడే ఉక్కును ప్రత్యేకంగా శుభ్రం చేస్తారు. చుట్టిన తర్వాత సన్నటి ఉక్కు గుళ్లతో స్ప్రింగంతా కొట్టిస్తారు. దీన్ని షాట్ పీనింగ్ అంటారు. పైపొర నొక్కుకుపోయి బిగుతుగా ఉంటుంది, పగులు నోరు తెరవాలన్నా ఆ బిగుతు తెరవనీయదు. ఇంత కష్టపడి చేసిన పైపొర మీద ప్లయర్‌తో గీత పెట్టడం, తుప్పు మచ్చ ఉన్న స్ప్రింగును బ్రష్ కొట్టి మళ్లీ వేయడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ గీతే రేపటి పగులు. స్ప్రింగ్ తెగితే వాల్వు పిస్టన్ మీద పడుతుంది.

క్యామ్‌షాఫ్ట్ బీడుతో చేస్తారా? బీడు పెళుసు కదా?

పెళుసే. క్యామ్‌కు మాత్రం అది సరిపోయే లోహం. ఇసుక అచ్చులో క్యామ్ ముక్కు వచ్చే చోట ఇనుప దిమ్మలు పెడతారు. కరిగిన బీడు ఆ దిమ్మకు తగిలి గబుక్కున చల్లారి తెల్ల బీడుగా మారుతుంది. అందులో కార్బైడ్ నిండి ఆకురాయి కూడా జారిపోయేంత గట్టిగా ఉంటుంది. మధ్య షాఫ్ట్ నెమ్మదిగా చల్లారుతుంది కాబట్టి అక్కడ గ్రాఫైట్ ఉండి అదురును మింగుతుంది, లేత్ మీద తేలిగ్గా తెగుతుంది. ఒకే పోతలో రెండు గుణాలు. దీన్ని చిల్డ్ క్యామ్ అంటారు.

ట్యాపెట్ బదులు రోలర్ ఉన్న ఇంజన్లలో కథ మారుతుంది. రోలర్ గీత మీద మాత్రమే ఆనుతుంది, ఒత్తిడి ఇంకా ఎక్కువ. చిల్డ్ బీడు అక్కడ గుంటలు పడుతుంది. అందుకని ఫోర్జింగ్ చేసి (కాల్చి, కొట్టి రూపమిచ్చి) పైపొర గట్టిపరిచిన ఉక్కు క్యామ్ వాడతారు. కొత్త కార్లలో ఉక్కు గొట్టానికి విడివిడిగా చేసిన పొడిలోహపు ముక్కులను బిగించి తయారుచేసిన క్యామ్‌లు వస్తున్నాయి, బరువు బాగా తగ్గుతుంది.

క్యామ్ కొత్తది వేస్తున్నాం. ట్యాపెట్లు బాగానే ఉన్నాయి, పాతవే వేయొచ్చా?

రుద్దుకునే రకం చదును ట్యాపెట్లయితే వద్దు. పాత ట్యాపెట్ పాత క్యామ్‌తో కలిసి అరిగి దాని ఆకారానికి అలవాటుపడింది. కొత్త ముక్కు మీద అది అంచుతో ఆనుతుంది, గంటలోపే కొత్త క్యామ్‌ను తినేయగలదు. రెండూ జతగా మార్చండి. కొత్త క్యామ్ మీద కనిపించే నల్లటి గరుకు పొర ఫాస్ఫేట్ పూత, తుప్పనుకొని గీకేయకండి. మొదటి రాపిడిలో ఆయిల్‌ను పట్టి ఉంచేది అదే. స్టార్ట్ చేశాక మొదటి 20 నిమిషాలు ఐడిల్లో వదలకుండా 1500 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య నడపాలి. ఐడిల్లో ముక్కుల మీద చిమ్మే ఆయిల్ చాలదు.

ఇంజన్ ఆయిల్‌కూ ఈ లోహాలకూ సంబంధం ఉందా?

చాలా ఉంది. ఆయిల్లో కలిపే జింక్, ఫాస్ఫరస్ రసాయనం క్యామ్ మీద వేడికి సన్నటి పొరగా మారి లోహానికి లోహం తగలకుండా అడ్డుపడుతుంది. ఫాస్ఫరస్ పొగ గొట్టంలో పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది కాబట్టి కొత్త తరం కారు ఆయిళ్లలో దాన్ని తగ్గించారు. రోలర్ ఇంజన్లకు ఇబ్బంది లేదు. చదును ట్యాపెట్లున్న పాత ఇంజన్లో మాత్రం ఖరీదెక్కువ అని కొత్త కారు ఆయిల్ పోస్తే మంచి జరుగుతుందని అనుకోవద్దు. మాన్యువల్లో చెప్పిన గ్రేడే పోయండి.

పాత బుల్లెట్‌కు పుష్‌రాడ్లు అల్యూమినియంవి. ఉక్కువి వేస్తే ఇంకా గట్టిగా ఉంటాయి కదా?

గట్టిగా ఉంటాయి, బండి మాత్రం బాధపడుతుంది. వేడెక్కినప్పుడు సిలిండరు, హెడ్ పెరుగుతాయి. అల్యూమినియం రాడ్డు వాటితో పాటు బాగా పెరుగుతుంది కాబట్టి ట్యాపెట్ ఖాళీ పెద్దగా మారదు. అందుకే ఆ ఇంజన్‌కు చల్లగా ఉన్నప్పుడు ఖాళీ సున్నా: రాడ్డును రెండు వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకి కిందికి ఆట ఉండకూడదు. ఉక్కు రాడ్డు తక్కువ పెరుగుతుంది, వేడి మీద టకటకలాడుతుంది, పైగా బరువు. రాడ్డు చివర్లకు మాత్రం గట్టి ఉక్కు టోపీలుంటాయి, అరిగేది అక్కడే కాబట్టి.

రాకర్లు?

ఫోర్జింగ్ ఉక్కు, గుండ్రటి గ్రాఫైట్ ఉండే డక్టైల్ బీడు, అల్యూమినియం పోత, రేకును నొక్కి చేసినవి, అన్నీ ఉన్నాయి. అల్యూమినియం రాకర్‌కు క్యామ్ రుద్దే చోట గట్టి లోహపు ముక్క అతికిస్తారు, దాన్ని మెత్త అంటారు. 100 సీసీ బైకుల్లో ఆయిల్ మార్చకుండా తిప్పితే మొదట గుంట పడేది ఆ మెత్త మీదే.

డీఎల్‌సీ పూత అంటే వజ్రమా?

వజ్రంలా ప్రవర్తించే కార్బన్ పూత. మందం ఒకటి నుంచి మూడు మైక్రాన్లు. బాగా గట్టిది, జారుడూ ఎక్కువ. ట్యాపెట్ల మీద, రాకర్ల మెత్తల మీద వేస్తారు. నల్లగా అద్దంలా ఉంటుంది. మరక అనుకొని ఎమరీ కాగితం పెట్టొద్దు.

టైటానియం వాల్వులు మన బైకుకు వేయించుకోవచ్చా?

టైటానియం సాంద్రత సుమారు 4.5, ఉక్కుది 7.8. వాల్వు 40 శాతం దాకా తేలికవుతుంది, స్ప్రింగు మీద భారం తగ్గి ఇంజన్ ఎక్కువ ఆర్‌పీఎం తిరగగలదు. రేసు బైకులకు, మోటోక్రాస్ బైకులకు ఇది నిజమైన లాభం. 1998లో టొయోటా ఆల్టెజా కారులో పొడిలోహ పద్ధతిలో చేసిన టైటానియం వాల్వులు వాడింది. రోజూ ఆఫీసుకు పోయే బండికి మాత్రం ఆ లాభం కనిపించదు. టైటానియం పూత లేకుండా ఒట్టిగా రుద్దుకుంటే పట్టేస్తుంది కాబట్టి పూత తప్పదు, పూత పోతే వాల్వు పోయినట్టే. సీటు, గైడు, స్ప్రింగు కూడా దానికి తగ్గవి మార్చాలి. ఆ డబ్బుతో మంచి 21-4ఎన్ వాల్వులు, మంచి హెడ్ పని చేయించుకోండి.

ఆయిల్ సీళ్లు, టైమింగ్ బెల్టు రబ్బరువే కదా, ఏదైనా ఒకటేనా?

ఒకటి కాదు. పాత సీళ్లు నైట్రైల్ రబ్బరు, ఎగ్జాస్ట్ వేడికి కొన్నేళ్లలో గాజులా గట్టిపడతాయి. ఇప్పటివి ఫ్లోరిన్ రబ్బరు, 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. బెల్టులు గాజునార తాళ్ల మీద హెచ్‌ఎన్‌బీఆర్ (హైడ్రోజన్ ఎక్కించిన నైట్రైల్) రబ్బరు పోసినవి. బెల్టును చేత్తో మెలిపెట్టి, మడిచి చూడకండి, లోపలి గాజునార తెగుతుంది, బయటికి కనిపించదు.

వాల్వు లాపింగ్ (వాల్వును పేస్టుతో సీటు మీద రుద్ది సరిగ్గా ఆనేలా చేయడం) ఏ వాల్వుకైనా చేయొచ్చా?

మామూలు ఉక్కు, స్టెల్లైట్ వాల్వులకు కార్బొరండం పేస్టుతో కాసేపు చేయొచ్చు. టైటానియం వాల్వులకు, అంచు మీద పూతలున్న వాటికి చేయకూడదు. వాటికి సీటును మెషీన్ మీద కోసి, కొత్త వాల్వు వేసి, నీలి పేస్టుతో ఆనుకున్న పట్టీ చూసుకోవడమే. లాపింగ్ అయ్యాక పేస్టు ఒక్క రవ్వ మిగిలినా గైడును అరగదీస్తుంది. కిరోసిన్‌తో ఒకసారి, సబ్బు నీళ్లతో ఒకసారి కడగండి.

వాల్వు కాలిపోయింది. లోహం తప్పేనా?

నేను చూసినంతలో చాలాసార్లు కాదు. కాలిన వాల్వును కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకొని చూడండి. అంచులో ఒకే చోట త్రికోణంలా కోసినట్టుంటే అక్కడ లీకు మొదలై, వేడి వాయువు కొలిమి ఊదినట్టు ఆ సందులోంచే పోయింది. మసి పెళ్ల ఇరుక్కొని ఉండవచ్చు, ట్యాపెట్ బిగుసుకొని ఉండవచ్చు, సీటు వంకరగా కోసి ఉండవచ్చు. అంచు చుట్టూ సమానంగా గుంటలు పడి, తల గొడుగులా వంగి ఉంటే అప్పుడు లోహాన్ని అనుమానించండి, మాగ్నెట్ తీయండి. కాడ ఒకవైపే అరిగి ఉంటే గైడు వదులై తల ఊగుతూ కూర్చుందని అర్థం. కాలిన వాల్వును పారేయకుండా కస్టమరు చేతికివ్వండి, సీటు, గైడు కూడా చూపించండి. మూడూ పక్కపక్కన పెడితే కొత్త వాల్వుతో పాటు ఇంకేం మార్చాలో ఆయనకే తెలుస్తుంది.